మిర్చి యార్డు పట్టీల ప్రోగ్రాము: పేర్లు మార్చిన పని డైరీ

జనవరి రెండో వారం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం చాలా ఏళ్లుగా వాడుతున్న లెక్కల ప్రోగ్రామును విజువల్ బేసిక్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ భాష నుంచి పైథాన్‌కు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు మార్చే పని ఒప్పుకున్నాము. రైతు సరుకు దుకాణానికి దిగినప్పటి నుంచి కాటా, ధర, కమీషన్, హమాలీ, లారీ బాడుగ, ముందుగా తీసుకున్న అడ్వాన్సు అన్నీ లెక్కగట్టి చివరకు రైతు చేతికి పట్టీ (లెక్క చీటీ) ఇచ్చేవరకు అంతా ఈ ఒక్క ప్రోగ్రామే చూస్తుంది. విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో. మైక్రోసాఫ్ట్ దాని అభివృద్ధి సాధనానికి మద్దతు ఆపేసింది 2008లో. దుకాణంలోని పాత కంప్యూటరు బతికున్నంత కాలం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

కోడ్ తెరిచి చూస్తే లెక్కలు సరిగానే ఉన్నాయి. ఏ లెక్క ఎందుకన్నది మాత్రం ఎక్కడా లేదు. విజువల్ బేసిక్‌లో ఫారం మీద ఒక గడి పెట్టగానే అది తనంతట తానే టెక్స్ట్1, టెక్స్ట్2 అని పేరు పెట్టుకుంటుంది. దాన్ని మార్చడం రాసేవారి బాధ్యత. ఇక్కడ ఎవరూ మార్చలేదు. టెక్స్ట్9 లోంచి టెక్స్ట్11 తీసివేసి టెక్స్ట్14 లో వేసే వరుస దగ్గర ఆగిపోయి, ఫారం నడిపించి, ఏ గడి ఎక్కడ ఉందో తెర మీద చూసుకుంటే గాని అది కాటా తూకంలోంచి సంచుల బరువు తీసివేయడమని తెలియలేదు. కనుక కోడ్‌ను పైథాన్‌లోకి మార్చేముందు పేర్ల పని పూర్తి చేయాలని నిర్ణయించాము. యజమానికి దీనివల్ల తెర మీద ఏమీ మారదు కాబట్టి ఒప్పించడం తేలిక కాలేదు. సీజన్ మధ్యలో హమాలీ రేటు మారితే ఏ వరుస దిద్దాలో వెతకడానికి ఎంతసేపు పడుతుందో పాత కోడ్ మీదే చూపించిన తరువాత ఆయన ఊ అన్నారు.

ఒక మాట. అసలు కోడ్‌లో పేర్లు రోమన్ అక్షరాల్లోనే ఉన్నాయి. డైరీలో మాత్రం అన్నిటినీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను.

జనవరి చివర

పాత కోడ్‌లో మార్చిన పేర్లు కూడా కొన్ని ఉన్నాయి, కాని అవి మరో రకం ఇబ్బంది. ప్రతి పేరుకు ముందు ఎస్‌టీఆర్, ఐఎన్‌టీ, డీబీఎల్ వంటి తోక తగిలించారు: అది అక్షరాల వరుసా, పూర్ణాంకమా, దశాంశమా అని చెప్పడానికి. దీన్ని హంగేరియన్ పద్ధతి అంటారు. హంగేరీలో పుట్టి జిరాక్స్ పార్క్ అనే పరిశోధనశాల‌లోనూ, తరువాత మైక్రోసాఫ్ట్‌లోనూ పనిచేసిన చార్లెస్ సిమోనీ దీనికి ఆద్యుడు. ఆయన ఉద్దేశించినది కంప్యూటరు దృష్టిలోని రకం కాదు, విలువ అర్థం: ఇది వరుస సంఖ్యా, నిలువు గడి సంఖ్యా అని చూపే గుర్తు. రెండూ పూర్ణాంకాలే అయినా ఒకదాన్ని మరొకదానికి కలపకూడదు. ఆ కలపకూడనితనం పేరులోనే కంటికి కనబడాలన్నది అసలు ఆలోచన. చేతులు మారుతూ వచ్చేసరికి అర్థం జారిపోయి రకం మాత్రమే మిగిలింది. రకాన్ని ఇప్పుడు ఎడిటరే చెబుతుంది, రకాల తనిఖీ సాధనం కాపలా కాస్తుంది, కనుక ఆ తోకలను తీసేయడంలో సందేహించవలసినది ఏమీ లేదు. సిమోనీ మొదటి ఆలోచన మాత్రం మిర్చి దుకాణానికి అచ్చంగా సరిపోతుంది. ఇక్కడ కేజీ, క్వింటా, టిక్కీ (మిర్చి సంచి), రూపాయి, పైసా, శాతం అన్నీ కంప్యూటరుకు అంకెలే.

ఫిబ్రవరి మొదటి వారం

ఈ వారమంతా తూకాల మీదే గడిచింది, గడవాలి కూడా. పట్టీలో తప్పు పడితే రైతు అడిగేది మొదట తూకం గురించే.

పాత కోడ్‌లో తూకానికి డబ్ల్యూటీ, డబ్ల్యూటీ1, ఎన్‌డబ్ల్యూటీ, టోట్‌డబ్ల్యూటీ అని నాలుగు పేర్లు ఉన్నాయి. వీటిలో ఏది కేజీల్లో ఉందో, ఏది క్వింటాళ్లలో ఉందో, ఏది సంచి తరుగు తీసిన తరువాతదో పేరు చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. మేము పెట్టుకున్న నియమం చిన్నది: కొలిచే ప్రతి విలువ పేరులోనూ అది ఏ దశలోని విలువ, ఏ కొలతలో ఉంది అన్న రెండూ ఉండాలి. ఆ ప్రకారం కాటా_తూకం_కేజీ, సంచి_తరుగు_కేజీ, నికర_తూకం_కేజీ, ధర_క్వింటాకు_పైసల్లో అని మారాయి. డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా దాచడం ముందే తీసుకున్న నిర్ణయం. దశాంశాల్లో దాస్తే రౌండు చేసేటప్పుడు అక్కడో పైసా ఇక్కడో పైసా తేడా వచ్చి రోజు చివర చిట్టా కలవదు.

పేర్లు పొడవయ్యాయని మా కుర్రవాడు గొణిగాడు. అతనికి ఒక లాటు లెక్క కాగితం మీద వేసి చూపించాను. యాభై టిక్కీలు, కాటా తూకం 2,150 కేజీలు, సంచికి 1 కేజీ తరుగు అనుకుందాము. నికర తూకం 2,100 కేజీలు, అంటే 21 క్వింటాళ్లు. క్వింటాకు 14,000 రూపాయల చొప్పున 2,94,000 రూపాయలు. ఇదే లెక్కలో పొరపాటున కాటా తూకం పేరు వాడితే 3,01,000 వస్తుంది. ఏడు వేల తేడా ఉన్నా రెండు మొత్తాలూ చూడటానికి సహజంగానే ఉంటాయి. గుమస్తా కంటికి కూడా ఆనవు. పది రెట్లు తప్పితే ఎవరైనా పట్టుకుంటారు, ఇలాంటి రెండు శాతం తప్పును పట్టుకోవలసినది పేరే.

తూకాల ఫైలులోనే మరొక సంగతి బయటపడింది. మూడు వేర్వేరు వరుసల్లో ‘భాగించు 100’ అని ఉంది. మొదటిది కేజీలను క్వింటాళ్లుగా మార్చేది. రెండవది పైసలను రూపాయలుగా మార్చేది. మూడవది కమీషన్ శాతానిది. ఒకే అంకె, మూడు సంబంధం లేని కారణాలు. పైగా ఒకచోట రెండు కారణాలు కలిసి ‘భాగించు 10000’ అయి కూర్చున్నాయి. వీటిని కేజీలు_క్వింటాకు, పైసలు_రూపాయికి, శాతం_హారం అని మూడు స్థిరాంకాలుగా విడదీశాము. మూడింటి విలువా 100 అయినప్పుడు మూడు పేర్లెందుకని ఎవరైనా అడగవచ్చు. ఇప్పుడు సూత్రం చదివితే నికర_తూకం_కేజీని కేజీలు_క్వింటాకుతో భాగించి ధర_క్వింటాకు_పైసల్లోతో గుణిస్తున్నాము, అంటే ఫలితం పైసల్లో ఉందని చదువుతుండగానే తెలుస్తుంది; ఇంకొక భాగహారం కావాలా వద్దా అన్న ప్రశ్నకు కోడ్ నడపకుండానే జవాబు దొరుకుతుంది.

ఫిబ్రవరి, శివరాత్రికి ముందు

యార్డులో సగం మంది కోటప్పకొండ తిరునాళ్ల మాటల్లో ఉన్నారు, ప్రభల సంగతి తప్ప వేరే సంగతి దొరకడం లేదు. దుకాణానికి వెళ్లకుండా బ్రాడీపేట ఆఫీసులోనే కూర్చుని అవును-కాదు విలువల పని చేశాము.

పాత కోడ్‌లో పెయిడ్ అన్న పేరు రెండు ఫైళ్లలో ఉంది. అమ్మకాల ఫైలులో అది కొన్న వ్యాపారి దుకాణానికి డబ్బు కట్టాడా అన్న విషయం. పట్టీల ఫైలులో దుకాణం రైతుకు డబ్బు ఇచ్చిందా అన్న విషయం. కమీషన్ వ్యాపారమంతా ఈ రెండు చెల్లింపుల మధ్య ఉన్న ఎడం మీదే నడుస్తుంది, ఆ ఎడాన్నే కోడ్ ఒక పేరు కింద కప్పేసింది. ఇంగ్లీషు పేర్లలో ఇటువంటి విలువల ముందు ‘ఈజ్’, ‘హ్యాజ్’ తగిలించడం ఆనవాయితీ, కాని దానితో ఎవరు ఎవరికి అన్నది రాదు. మేము క్రియనే ప్రశ్నగా వాడాము: కొనుగోలుదారు_చెల్లించారా, రైతుకు_చెల్లించామా. ‘అయితే’ అన్న షరతులో పెట్టి చదివితే వాక్యంలా నడుస్తుంది. చివర ‘రా’ ఉంటే ఎదుటివారి పని, ‘మా’ ఉంటే దుకాణం పని అన్న తేడా కూడా దానంతట అదే అమరింది.

లేదు, కాదు అని ముగిసే పేర్లు నిషేధం. చెల్లించలేదు అన్న విలువ అసత్యమైతే చెల్లించినట్టా అని రాత్రి పది గంటలకు ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు.

మార్చి మొదట్లో

కేజీ, తరుగు, టిక్కీ అని తెలుగు మాటలే పెడుతున్నప్పుడు తెలుగు లిపిలోనే పెడితే ఏమని మా కుర్రవాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే, ఒక విడి శాఖలో (అసలు కోడ్‌ను కదపని నకలులో) ప్రయత్నించి చూశాము. 2008లో విడుదలైన పైథాన్ 3.0 నుంచి పేర్లలో యూనికోడ్ అక్షరాలు (తెలుగు వంటి ఇతర లిపులవి) అనుమతిస్తారు, గుణింతాలూ వత్తులూ సున్నా అన్నీ చెల్లుతాయి. తరుగు, రైతు, టిక్కీలు అని రాసిన ఫంక్షన్ మొదటిసారే నడిచింది. ఆ ఫైలు తెరిచినప్పుడు ముచ్చటేసింది, దాచను.

ఇబ్బందులు ఆ తరువాత ఒక్కొక్కటే వచ్చాయి. కోల్డ్‌స్టోరేజీ అని టైపు చేసినప్పుడు ‘డ్’ పక్కన ‘స్టో’ వత్తుగా కిందికి దిగకుండా కంటికి కనబడని ఒక విభజన అక్షరం పెడతాము. పైథాన్ దాన్ని పేరులో ఒప్పుకోదు, అచ్చుకు రాని అక్షరం ఉందని తప్పు చూపి ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ అనే మరో భాష ఒప్పుకుంటుంది, అది మరీ ప్రమాదం: ఆ అక్షరం ఉన్న పేరు, లేని పేరు రెండు వేర్వేరు పేర్లవుతాయి. ‘రైతు’లోని ఐత్వానిది కూడా అదే కథ. దాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. పైథాన్ పేర్లన్నిటినీ ఒక ప్రామాణిక రూపానికి తెచ్చి పోలుస్తుంది కాబట్టి రెండూ ఒకటే. జావాస్క్రిప్ట్ అలా చేయదు కాబట్టి కంటికి ఒకేలా కనబడే ఇద్దరు రైతులు తయారవుతారు. మన కీబోర్డులు మామూలుగా ఒకే సంకేతం ఇస్తాయి గనుక ఇది రోజూ ఎదురయ్యే చిక్కు కాకపోవచ్చు, కాని ఎదురైన రోజు దొరకడం చాలా కష్టం.

గో భాషలోనైతే మరీ విచిత్రం. అక్కడ పేరు పెద్ద అక్షరంతో మొదలైతేనే ప్యాకేజీ బయటికి కనబడుతుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న భేదమే లేదు కనుక తెలుగు అక్షరంతో మొదలైన పేరు ఎన్నటికీ గడప దాటదు. ఈ కారణం చేతనే మాటల మధ్య పెద్ద అక్షరాలు పెట్టే ఒంటె మూపు పద్ధతి గాని, స్థిరాంకాలను అన్నీ పెద్ద అక్షరాల్లో రాయమనే పైథాన్ సంప్రదాయం గాని తెలుగు లిపిలో సాధ్యం కావు. అండర్‌స్కోరు ఒక్కటే దిక్కు.

ప్రయత్నాన్ని ఆపించినది మాత్రం డేటాబేసు. పోస్ట్‌గ్రెస్‌లో పేరుకు హద్దు 63 బైట్లు, అక్షరాలు కాదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. వత్తుకు, గుణింతానికి, సున్నాకు విడివిడిగా లెక్క. కొనుగోలుదారు_చెల్లించారా అన్న నిలువు వరుస పేరు ఇరవై మూడు తెలుగు సంకేతాలు, ఒక అండర్‌స్కోరు, కలిపి 70 బైట్లు. డేటాబేసు ఒక హెచ్చరిక ముక్క విసిరి, దాన్ని కొనుగోలుదారు_చెల్లించ దగ్గర నరికేసి పని కానిచ్చింది. కొనుగోలుదారు_చెల్లించలేదు అన్నా నరికిన తరువాత మిగిలేది అదే. అవునూ కాదూ ఒకే పేరు మీదికి వచ్చే చోట దుకాణం లెక్కలు పెట్టలేము. రోమన్‌లో అదే పేరు హద్దులో సునాయాసంగా ఇముడుతుంది. శాఖను మూసేశాము.

మార్చి మూడో వారం

మాటలు తెలుగువి, లిపి రోమన్‌ది అని తేలింది. దీనితో మొదలైన తలనొప్పి స్పెల్లింగు. తరుగు అని రాయడానికి నేను ఒక్క ‘టీ’ పెడతాను. మా కుర్రవాడు సెల్‌ఫోన్‌లో మెసేజీలు రాసే అలవాటు కొద్దీ ‘టీ’ పక్కన ‘హెచ్’ కూడా పెడతాడు. హమాలీలో దీర్ఘానికి ఒకరు రెండు ‘ఏ’లు, ఇంకొకరు ఒకటి. ఎడిటరులో తరుగు అని వెతికితే సగం చోట్లే దొరుకుతోంది, మిగిలిన సగం ఉన్నాయని కూడా తెలియదు. కాబట్టి ఒక పేర్ల జాబితా ఫైలు పెట్టాము. ప్రతి మాటకూ తెలుగు రూపం, దాని రోమన్ స్పెల్లింగు, ఒక వాక్యంలో దుకాణంలో దాని అర్థం. త, ట లకు తేడా చూపాలన్న పట్టుదల వదిలేసి, త అయినా ట అయినా ఒక్క ‘టీ’, దీర్ఘానికి గుర్తు లేదు అని తేల్చేశాము. అందంగా లేదు, కాని ఒకటే ఉంది. జాబితాలో లేని స్పెల్లింగు కోడ్‌లో కనబడితే ఆపే చిన్న తనిఖీ కూడా రాశాము. జాబితా కన్నా అదే ఎక్కువ పని చేస్తోంది.

ఏ మాటను ఇంగ్లీషులో ఉంచాలి, దేన్ని తెలుగులో అన్నదానికి కొలబద్ద యార్డే. దుకాణంలో హమాలీ, గుమస్తా, రైతు ముగ్గురూ అనే మాట ఏదైతే అదే పేరు. టిక్కీని బ్యాగ్ అని ఎవరూ అనరు, కమీషన్‌ను ఇంకో మాటతో ఎవరూ పిలవరు. గుమస్తా గారు ఫోనులో ‘తాలు లాటు తరుగు తప్పు పడిందండీ’ అంటే, ఆ ఐదు మాటల్లో మూడు కోడ్‌లో అదే రూపంలో ఉన్నాయి. వెతకడం వెంటనే మొదలుపెట్టవచ్చు.

మార్చి చివర

పేర్లు మార్చే పద్ధతి గురించి. వెతికి-మార్చే సాధనాన్ని నమ్ముకోకూడదు: రేట్ అన్న పేరును మార్చబోతే ఆపరేట్, సెపరేట్ అన్న పేర్ల తోకలూ తెగుతాయి. ఎడిటరులో పేరును పేరుగా గుర్తించి మార్చే సదుపాయం వాడాలి. అయితే అది కూడా కొటేషన్ల మధ్య ఉన్న, డేటాబేసును అడిగే ఎస్‌క్యూఎల్ వాక్యాలను, ఎక్సెల్ నమూనాల శీర్షికలను ముట్టుకోదు. అవి చేత్తో చూసుకోవలసినవే. ఆడిటరు గారికి పంపే ఎక్సెల్ శీర్షికలను మార్చలేదు. వాటి మీద ఆధారపడినవారు మన గోడ అవతల ఉన్నారు.

పేరు మార్పునూ లెక్క మార్పునూ ఒకే కమిట్‌లో (ఒక విడతగా నమోదు చేసే మార్పులో) కలపలేదు. పేర్ల కమిట్‌లను ఒక ఫైలులో రాసి పెట్టుకుంటే, ఏ వరుస ఎవరు రాశారో చూసేటప్పుడు కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వాటిని దాటవేస్తుంది. ఈ సదుపాయం 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఉంది. ప్రతి మార్పు తరువాత గత సీజన్ పట్టీలన్నిటినీ మళ్లీ లెక్కగట్టి పాత మొత్తాలతో పైసా సహా పోల్చే పరీక్ష నడుస్తుంది.

ఒంటె మూపా, అండర్‌స్కోరా అన్న చర్చ అరగంటలో ముగించాము. 2009 నాటి ఒక పరిశోధనలో ఒంటె మూపు పేర్లను గుర్తించడంలో తప్పులు తక్కువని, 2010లో కంటి కదలికలు కొలిచిన మరొకదానిలో అండర్‌స్కోరు పేర్లను త్వరగా గుర్తిస్తున్నారని వచ్చింది. పైథాన్ సంప్రదాయం అండర్‌స్కోరు. కొటేషన్లు లేకుండా రాస్తే పోస్ట్‌గ్రెస్ పెద్ద అక్షరాలను చిన్నవి చేసేస్తుంది కాబట్టి ఒంటె మూపులు అక్కడ చదునైపోతాయి. అండర్‌స్కోరే.

ఏప్రిల్

తూకాలకు దశ పేరు తప్పనిసరి చేయడం వల్ల కోల్డ్ స్టోరేజీ లాట్లలో ఒక తప్పు బయటపడింది. యార్డు కాటా నుంచి వచ్చే తూకంలో సంచి బరువు కలిసి ఉంటుంది. కోల్డ్‌లో నిలవ ఉన్న సరుకు అమ్మినప్పుడు మాత్రం అక్కడి కాటా చీటీలో సంచి తరుగు తీసేసిన అంకె వస్తుంది. పాత ప్రోగ్రాము రెండింటినీ డబ్ల్యూటీ అనే పెట్టెలోనే పోసి, రెండింటికీ తరుగు తీసేది. కొత్త కోడ్‌లో ఆ ఫంక్షన్ కాటా_తూకం_కేజీని అడుగుతోంది, చీటీ నుంచి వచ్చేది నికర_తూకం_కేజీ. పిలిచే వరుసలో రెండు పేర్లూ పక్కపక్కన పడగానే మా కుర్రవాడు, ‘అన్నా, నికరంలోంచి మళ్లీ తరుగు తీస్తున్నామేంటి?’ అన్నాడు. పైన వేసిన లాటు లెక్కలోనైతే రైతుకు ఏడు వేలు తగ్గుతాయి.

ఇన్నేళ్లూ ఇది ఎవరికీ తెలియలేదా అని గుమస్తా గారిని అడిగితే ఆయన నవ్వారు. ‘కోల్డు లాట్లకు కంప్యూటరు లెక్క మేం పట్టించుకోమండీ. తరుగు తిరిగి కలిపి చేత్తో పట్టీ రాస్తాం. దానికి అంతే వచ్చు అనుకున్నాం.’ ఆయన మాట నిజమే. చిట్టాలో ఆ పట్టీలన్నిటి పక్కనా పెన్సిలు దిద్దుబాట్లు ఉన్నాయి. మా పోలిక పరీక్ష కూడా ఈ తప్పును పట్టలేదు, ఎందుకంటే అది పోల్చేది పాత ప్రోగ్రాము మొత్తాలతోనే. ఇకపై కోల్డ్ లాట్ల పరీక్షకు ఆధారం పెన్సిలు అంకెలు.

మే, యార్డు ఎండాకాలం సెలవుల్లో

ఒక్క అక్షరం పేర్ల మీద చివరి మాట తేలింది. జాబితా మీద తిరిగే చిన్న లూపులో ‘ఐ’ ఉంచవచ్చు. 1957 నాటి ఫోర్‌ట్రాన్‌లో ‘ఐ’ నుంచి ‘ఎన్’ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేర్లు వాటంతట అవే పూర్ణాంకాలు, పేరు మొత్తానికి ఆరు అక్షరాలే హద్దు. గణితం నుంచి వచ్చిన ‘ఐ, జే, కే’ అలవాటు ప్రోగ్రాముల్లో అలా స్థిరపడింది. మూడు వరుసల్లో పుట్టి అక్కడే పోయే పేరు పొట్టిగా ఉంటే నష్టం లేదు. ‘ఎల్’ చిన్న అక్షరాన్ని మాత్రం పైథాన్ శైలి సూచనలే వద్దంటాయి, ఒకటి అంకెలా కనబడుతుంది కాబట్టి. లెక్కల ప్రోగ్రాములో ఆ మాట శిరోధార్యం. లూపు తెర దాటి పొడుగైతే ‘ఐ’ పోయి లాటు_సంఖ్య రావాలి.

పాత కోడ్‌లో డేట్1 నుంచి డేట్4 వరకు ఉన్నవి సరుకు_దిగిన_తేదీ, అమ్మిన_తేదీ, కాటా_తేదీ, పట్టీ_తేదీగా మారాయి. ఇందులో రాయవలసిన విశేషం లేదు.

మిగిలినది కోల్డ్ స్టోరేజీ అద్దెల భాగం. అక్కడ రెంట్ అన్న ఒక్క పేరు కింద టిక్కీకి సీజన్ అద్దె, లాటు మొత్తం అద్దె, అందులో రైతు నుంచి ఇప్పటికే పట్టుకున్న భాగం మూడూ ఉన్నాయి. అద్దె_టిక్కీకి_పైసల్లో, లాటు_అద్దె_పైసల్లో, రైతు_నుంచి_పట్టిన_అద్దె_పైసల్లో అని జాబితాలో చేర్చాము. సీజన్ మధ్యలో సరుకు బయటికి తీస్తే పూర్తి అద్దె పడుతుందా, తగ్గించి వేస్తారా అన్నది యజమాని చెప్పాలి; తగ్గించేటట్టయితే నాలుగో పేరు కావాలి. ఆయన యార్డు తెరిచిన తరువాత కూర్చుందామన్నారు.